గట్టు కింద ఇల్లు, ఇంట్లో రెండు బళ్ళు: 2008 కూపే, 2022 హ్యాచ్‌బ్యాక్ కేసు

పాలకొల్లులో నాది కార్ల గ్యారేజీ, ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. సంక్రాంతికి ఊళ్ళలోకి దిగిన హైదరాబాద్ బళ్ళన్నీ తిరిగి వెళ్ళిపోయి షెడ్డు కాస్త ఖాళీ అయిన వారంలో, మొగల్తూరు వైపు నుంచి ఒక రొయ్యల చెరువుల రైతు రెండు బళ్ళు ఒకే రోజు తెచ్చి పెట్టారు. ఒకటి ఆయన నడుపుకుంటూ వచ్చిన పాత స్పోర్ట్స్ కూపే, రెండోది వాళ్ళబ్బాయి వెనకాలే తెచ్చిన హ్యాచ్‌బ్యాక్. దిగుతూనే అడిగారు: "ఏవండీ, దీన్ని కొని నాలుగు నెలలైంది, నెలకోసారి ఏదో ఒకటి. ఇంకా డబ్బు పెట్టమంటారా, దీన్ని తీసేసి ఉన్న చిన్న బండితో సరిపెట్టుకోమంటారా? మీరు ఏది చెప్తే అదేనండి."

ఇలాంటి ప్రశ్నకి బానెట్ ఎత్తి చూసి జవాబు చెప్పేయొచ్చు, చాలాసార్లు చెప్పాను కూడా. కానీ ఈయన గొంతులో ఆ బండి మీద ఉన్న ఇష్టం తెలుస్తూనే ఉంది, ఇంట్లో దాని మీద గొడవలు అవుతున్న సంగతి వాళ్ళబ్బాయి మొహంలో తెలిసింది. అందుకే రెండు బళ్ళూ పది రోజులు నా దగ్గర వదిలెయ్యమన్నాను. ఒకే దారిలో, ఒకే బంకు పెట్రోల్‌తో, ఒకే మనిషి నడిపి చూసి, రెండిటి అడుగూ విప్పి, అప్పుడు చెప్తానన్నాను. ఇది ఆ పది రోజుల కథ, ఆ తర్వాత జరిగింది కూడా. కంపెనీల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే నాకు కనబడిన లోపాల్లో ఎక్కువ భాగం బండి చేసినవాళ్ళవి కావు, వాడి వదిలేసినవాళ్ళవి.

ముందు బళ్ళ సంగతి. కూపే 2008 మోడల్, రెండు తలుపులది, పూర్తిగా తయారై దిగుమతి అయిన బండి. 1984 సీసీ నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్, 200 పీఎస్ పవర్, 280 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ (రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునేది), క్లచ్‌లు ఆయిల్లో మునిగి ఉండే రకం. హ్యాచ్‌బ్యాక్ 2022 చివర్లో కొత్తగా కొన్నది. 998 సీసీ మూడు సిలిండర్ల టర్బో, 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, కానీ ఇది డ్రై క్లచ్, ఆయిల్ లేని రకం. ఈ తడి, పొడి తేడాని గుర్తుపెట్టుకోండి, కేసు సగం దాని మీదే తిరిగింది.

మీటర్ చూస్తే కూపే 94,000 కిలోమీటర్లు, హ్యాచ్‌బ్యాక్ 41,000. కూపేకి ఆయన ఇచ్చింది 8 లక్షల 75 వేలు.

కాగితాల దగ్గరే మొదటి సమస్య దొరికింది. నంబర్ ప్లేటు మీద ఏపీ 09 అని ఉంది. అది చూసి "మన రాష్ట్రం బండే కదా" అనుకున్నారట. ఏపీ 09 అంటే హైదరాబాద్ నంబరు, 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక ఆ బండి తెలంగాణ లెక్కలో ఉన్నట్టే. ఇక్కడికి మార్చుకోవాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అప్పుడు మన ప్లేటు వస్తుంది. ఇంట్లో హ్యాచ్‌బ్యాక్‌కి ఉన్న ఏపీ 39 రాష్ట్రం మొత్తానికీ ఒకే కోడ్‌గా 2019లో వచ్చింది. ఇంకోటి, సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే. 2008 బండికి 2023లో గడువు అయిపోయింది, రెన్యువల్ చేయించకుండానే అమ్మేశారు. దిగుమతి అయిన కారుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 40,000 రూపాయలు. అంటే ఇంజన్ మీద చెయ్యి వెయ్యకముందే ఇంత కాగితాల బాకీ.

బాకీ అన్న మాట ఊరికే వాడలేదు. పాత బండికి ధర రెండు ముక్కల్లో ఉంటుందని నేను ఎప్పుడూ చెప్తాను. అమ్మినవాడి చేతిలో పెట్టేది ఒక ముక్క. అతనూ, అతని ముందువాళ్ళూ చేయించాల్సి ఉండి చేయించకుండా వదిలేసిన పని రెండో ముక్క. ఆ రెండోది బేరంలో ఎక్కడా కనబడదు, మన దగ్గరికి వచ్చాక ఒక్కొక్కటిగా వసూలవుతుంది. ఈయన నాలుగు నెలలుగా కడుతున్నది అదే.

మొదట విప్పకుండా నడిపి చూశాం. తెల్లవారుజామున అయిదింటికి మార్టేరు, పెనుగొండ మీదుగా సిద్ధాంతం దగ్గర పదహారో నంబర్ హైవే ఎక్కి, బళ్ళు లేని, వంపుల్లేని తిన్నటి ముక్కలో 60 నుంచి 100కి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో జీపీఎస్ పెట్టి కొలిచాం, ఒక్కో బండికి మూడేసి సార్లు. అక్కడ కార్లకి 100 దాకా అనుమతి ఉంది, అది దాటలేదు. హ్యాచ్‌బ్యాక్‌కి సగటున 6.9 సెకన్లు పట్టింది. కూపేకి 7.6. నేను, నా దగ్గర పని చేసే కుర్రాడు ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం, 200 పీఎస్ బండి 120 పీఎస్ బండి వెనకబడింది. ఆయన నాలుగు నెలలుగా నడుపుతున్నది స్పోర్ట్స్ కారు కాదు, దాని బొమ్మ. స్పోర్ట్స్ కారు ఎలా లాగాలో ఆయనకి తెలియదు కాబట్టి అదే బావుందనుకున్నారు. నాకు నిజంగా బాధేసింది ఆ పొద్దున.

షెడ్డుకి వచ్చి స్కానర్ పెట్టాను. రెండో సిలిండర్‌లో మిస్ ఫైర్ (పెట్రోల్ సరిగ్గా మండకపోవడం), టర్బో ప్రెషర్ రావాల్సినంత రావడం లేదు. అది సరే, ఇంకో అలవాటు చెప్తాను, పాత యూరప్ బండి కొనబోయేవాళ్ళు దీన్ని తప్పకుండా చేయించుకోండి. ఒక్క ఇంజనే కాకుండా అన్ని మాడ్యూళ్ళూ, అంటే బండిలో ఒక్కో పని చూసే చిన్న కంప్యూటర్లన్నీ, స్కాన్ చేయించండి. ఈ బళ్ళలో ఫాల్ట్ కోడ్ పడినప్పుడు ఆ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా దాని పక్కన రాసి ఉంటుంది. మీటర్ తిప్పేవాడు డాష్‌బోర్డులో అంకె మారుస్తాడు గానీ మూలన ఉన్న మాడ్యూల్ దాకా వెళ్ళడు. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లో ఎప్పుడో వచ్చిపోయిన వైర్ కనెక్షన్ ఫాల్ట్ ఒకటి ఉంది, దాని పక్కన 1,12,300. మీటర్ మాత్రం 94,000 అంటోంది! అమ్మినవాళ్ళలో ఎవరు తిప్పారో తెలుసుకునే దారి లేదు. ఆయనకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "పోన్లెండి, బండి లోపల ఎలా ఉందో చూడండి" అన్నారు. అప్పటి నుంచి దీన్ని లక్షా పాతిక వేలు తిరిగిన బండిగానే లెక్క కట్టాం.

ఈ తరం డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలు చూసేవాళ్ళందరికీ తెలిసిన ఒక చోటు ఉంది, నేను ముందు అక్కడికే వెళ్తాను. హై ప్రెషర్ పెట్రోల్ పంపుని క్యామ్ షాఫ్టే (ఇంజన్ వాల్వుల్ని తెరిచే ఇరుసు) నొక్కుతుంది. రెండిటికీ మధ్య ఒక చిన్న ఉక్కు గిన్నె, దాన్ని ఫాలోయర్ అంటాం. పంపుకి మూడు బోల్టులు, తీస్తే గిన్నె చేతికొస్తుంది, అరగంట పని. కొత్త ఫాలోయర్ ముఖం మీద గట్టి నల్ల పూత ఉంటుంది, అద్దంలా మెరుస్తుంది. దీన్ని తీసి గుడ్డతో తుడిచి టార్చి వేశాను. అంచున సన్నటి నల్ల వలయం మిగిలింది, నడిమంతా తెల్లటి ఉక్కు, ఆ తెలుపు మధ్యలో గోరు పెడితే దిగేంత గుంట. ఇంకొంచెం అరిగితే చిల్లు పడుతుంది, పంపు కాడ నేరుగా క్యామ్‌ని గీకడం మొదలుపెడుతుంది, వేలల్లో పోయేది లక్షల్లోకి వెళ్తుంది. ఆయన అప్పుడే షెడ్డుకి వచ్చారు, గిన్నెని ఆయన అరచేతిలో పెట్టి బొటనవేలితో తడిమి చూడమన్నాను. "ఇంత చిన్నదా అండీ" అన్నారు. ఆ గిన్నెని ఆయన ఇంటికి పట్టుకెళ్ళారు.

ఇన్‌టేక్ విప్పితే వాల్వుల వెనక మసి పేరుకుపోయి తారు ముద్దల్లా ఉంది. పాత తరహా ఇంజన్లలో పెట్రోల్ వాల్వు మీద పడి లోపలికి పోతుంది, అదే కడుగుతూ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది కాబట్టి వాల్వుని కడిగే నాథుడు లేడు, ఇంజన్ వదిలే ఆయిల్ ఆవిరి వచ్చి దాని మీద గడ్డకడుతుంది. వాల్‌నట్ పెంకుల పొడి కొట్టి శుభ్రం చేసే మిషన్ నా దగ్గర లేదు. ఒక్కో వాల్వు మూసి ఉన్నప్పుడు ద్రావకం పోసి నానబెట్టి, బ్రష్షుతో గీరి, వాక్యూమ్‌తో లాగి, మళ్ళీ పోసి, అలా రెండు రోజులు పట్టింది మా కుర్రాడికి. ఓపికున్న పిల్లాడు. టర్బో గాలి వదిలే డైవర్టర్ వాల్వు లోపలి రబ్బరు పొర చిరిగి ఉంది, ప్రెషర్ రాకపోవడానికి సగం కారణం అదే. కాయిల్స్ నాలుగూ, ప్లగ్గులు నాలుగూ మార్చాం.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఎక్కడా రాసి లేదు. రాసి లేదంటే మార్చలేదనే నా లెక్క. ఈ ఇంజన్‌లో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వుల్ని కొడతాయి, ఇంజన్ పోతుంది. బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్చేశాం. గేర్ బాక్స్ ఆయిల్ 60,000కి ఒకసారి మార్చాలి. వచ్చిన ఆయిల్ రంగు చూస్తే ఒక్కసారి కూడా మార్చినట్టు లేదు, అయినా గేర్లు చక్కగానే పడుతున్నాయి.

పెట్రోల్ గురించి మాత్రం మన ప్రాంతంలో బండి ఉన్నవాళ్ళందరూ వినాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికి అంత ఇబ్బంది లేదు, ఇవాళ పోసింది వారంలో అయిపోతుంది. మన వైపు ఒక పక్క కాలవ, ఒక పక్క చెరువు, వర్షాకాలం ఇంట్లో ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా నీరుకారిపోయే చోట, పావు ట్యాంకు పెట్రోల్‌తో బండిని నెలల తరబడి షెడ్డులో పెడితే ఆ తేమంతా ట్యాంకులో చేరుతుంది. 2008 బండి రబ్బరు గొట్టాలు, సీళ్ళు ఈ పెట్రోల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ట్యాంకు ఖాళీ చేసి గాజు సీసాలో పట్టి రాత్రంతా ఉంచితే అడుగున మబ్బు మబ్బుగా ఒక పొర దిగింది. ఇంజన్ వైపు పెళుసెక్కిన రెండు గొట్టాలు మార్చాం.

టైర్లు చూడ్డానికి కొత్తగా ఉన్నాయి, గాడి లోతుగా ఉంది. పక్క గోడ మీద నాలుగంకెలు 2216, అంటే 2016లో 22వ వారం తయారీ. రబ్బరు గట్టిపడి సన్నటి పగుళ్ళు వచ్చాయి. గాడి చూసి టైరు కొనకండి, ఆ నాలుగంకెలు చూడండి. టైరు గురించే ఇంకో మాట, కూపేకి 18 అంగుళాల చక్రం, 245/40 టైరు, పక్క గోడ ఎత్తు 98 మిల్లీమీటర్లు. హ్యాచ్‌బ్యాక్‌కి 16 అంగుళాలు, 195/55, దానిది 107. కంటికి కూపే టైరు అప్పడంలా పల్చగా కనబడుతుంది గానీ లెక్క కడితే తేడా 9 మిల్లీమీటర్లే. గతుకుల్లో కూపే కుదుపుకి కారణం టైరు కాదు, ముందు చక్రాల్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు చీలిపోయి ఉన్నాయి. ఆ ఆర్మ్ బోల్టులు ఊడదీయడం మాత్రం నరకం. ఉప్పు గాలికి అల్యూమినియంలో ఉక్కు బోల్టు పట్టేసుకుంది, వేడి చేసి, ఆయిల్ పోసి, ఒక పూట వదిలేసి, మళ్ళీ వేడి చేసి తీయాల్సొచ్చింది. చెరువుల మీద తిరిగే బండికి ఏడాదికి రెండుసార్లయినా అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించమని అందరికీ చెప్తాను. చాలామంది పైన షాంపూ వేయించి పంపేస్తారు.

ఇక హ్యాచ్‌బ్యాక్. ఇది కొత్త బండి, దీనికేముంది అని ఇంటిల్లిపాదీ అనుకున్నారు, మొదట నేనూ అలాగే అనుకున్నాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీస్తే లోపల వరిగడ్డి, కొబ్బరి పీచుతో గూడు. సార్వా (వానాకాలం వరి) కోతలు అయ్యాక చేలో తిండి తగ్గి ఎలుకలు ఇళ్ళ వైపు వస్తాయి, ఆగిన బండి ఇంజన్ వెచ్చగా ఉంటుంది. ఆక్సిజన్ సెన్సర్ వైరు సగం కొరికేసింది, డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు ఇంకా వెలగలేదంతే. ఏసీ ఫిల్టరు నిండా ఊక. బ్రేక్ ఆయిల్ కొన్న నాటిదే. ఇవి చిన్నవి.

పెద్దది క్లచ్. మొదటి గేర్‌లో నెమ్మదిగా కదిలేటప్పుడు బండి సన్నగా వణుకుతోంది, కూర్చున్నవాళ్ళకి కుర్చీలో తెలుస్తుంది. 41,000కే ఇలా రాకూడదు. డ్రై క్లచ్‌కి ఆయిల్ లేదు, చుట్టూ గాలే. సగం పట్టి సగం వదిలి బండిని పాకించినప్పుడు పుట్టే వేడి దానిలోనే ఉండిపోతుంది. కూపేలో తడి క్లచ్‌కి ఆ వేడిని ఆయిల్ పట్టుకెళ్ళిపోతుంది. అందుకే పాత బండి కాబట్టి నాజూకు, కొత్త బండి కాబట్టి గట్టిది అన్న లెక్క ఇక్కడ పనికిరాదు, ఈ ఒక్క విషయంలో 2008 గేర్ బాక్స్ మన రోడ్లకి ఎక్కువ ఓర్చుకుంటుంది. డ్రై క్లచ్ తక్కువ రకం అనడం లేదు, ఆయిల్‌ని కలియదిప్పే శ్రమ లేదు కాబట్టి మైలేజీ బాగుంటుంది, బరువు తక్కువ, చిన్న ఇంజన్‌కి సరిపోతుంది. దాన్ని పాకించకూడదు, అంతే.

మరి ఎక్కడ పాకిస్తున్నారు? అబ్బాయిని అడిగితే పాలకొల్లు ట్రాఫిక్ అన్నాడు, రైల్వే గేటు అన్నాడు. నాకు నచ్చలేదు, అవే దారుల్లో తిరిగే ఇలాంటి బళ్ళు నా దగ్గరికి ఇంకో నాలుగు వస్తాయి, వాటికి ఈ వణుకు లేదు. దానికి తోడు కూపే ముందు బంపర్ అడుగున ఉన్న గీతలు కూడా నన్ను వదల్లేదు. స్పీడ్ బ్రేకర్ గీత బండి పొడుగునా, కింద మధ్యలో పడుతుంది. ఇవి బంపర్ కింది పెదవి అంచునే, ఒకే చోట, పొర మీద పొర. రోజూ ఒకే దేన్నో కొడుతోంది. మర్నాడు వాళ్ళింటికి బయల్దేరాను.

వాళ్ళ ఇల్లు కాలవ గట్టు కింద. రోడ్డు గట్టు మీద ఉంది, ఇల్లు నాలుగడుగుల పల్లంలో ఉంది, మన వైపు సగం ఇళ్ళు ఇలాగే ఉంటాయి. మధ్యలో సిమెంటు ర్యాంపు. టేపు పెట్టి కొలిచాను, నాలుగడుగుల ఎత్తుని 17 అడుగుల పొడుగులో ఎక్కించారు, అంటే 13 డిగ్రీల వాలు. ర్యాంపు మొదట్లో సిమెంటు మీద నల్లటి ప్లాస్టిక్ గీతలు, వేలితో రుద్దితే పొడి వచ్చింది, అది కూపే పెదవి. పైన గట్టు అంచు దగ్గర రెండు టైరు మరకలు, వెడల్పు కొలిస్తే హ్యాచ్‌బ్యాక్‌వి. గట్టు మీద ట్రాక్టర్లు, రొయ్యల మేత వ్యాన్లు పోతూనే ఉంటాయి, ఖాళీ దొరికే వరకూ అబ్బాయి ఆ వాలు మీద ఆగాలి. ఎలా ఆగుతావో చేసి చూపించమన్నాను. బ్రేకు తొక్కలేదు, యాక్సిలరేటర్ సన్నగా నొక్కి బండిని వాలు మీద నిలబెట్టాడు. స్కానర్ పెట్టే ఉంచాను. క్లచ్ టెంపరేచర్ 90 డిగ్రీల నుంచి ఎక్కుతూ ఎక్కుతూ నిమిషంన్నరలో 170 దాటింది. అలా రోజుకి అయిదారుసార్లు, మూడేళ్ళు. తండ్రి పక్కనే నిలబడి చూస్తున్నారు. అబ్బాయిని ఒక్క మాట అనలేదు, నాకు ఆ పెద్దమనిషి మీద గౌరవం పెరిగింది. ఇది ఎవరూ నేర్పని విషయం, కుర్రాడి తప్పు కాదని నేనూ చెప్పాను.

రెండు బళ్ళనీ తినేస్తున్నది ఆ 17 అడుగుల సిమెంటు. ఏ బండి ఉంచాలి అని అడిగినాయనకి నేను చెప్పిన మొదటి సలహా ర్యాంపు మార్చమని. పొడుగుని 32 అడుగులకి సాగదీస్తే వాలు 7 డిగ్రీలకి దిగుతుంది, కూపే పెదవి తగలదు. పైన గట్టుకి ఆనుకుని బండి పొడుగున చదునైన చోటు ఒకటి వదిలితే అబ్బాయి సమతలం మీద ఆగి చూసుకుని రోడ్డెక్కుతాడు. అరుగు కొంత కొట్టాలి, అరటి మొక్కలు నాలుగు తీయాలి. వాళ్ళావిడ అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్నారు, "అరటి మొక్కలేం పోయాయండి, వెనకాల వేసుకుంటాం, ఎప్పటి నుంచో నాకూ భయమే ఈ ఎక్కుడు" అన్నారు. మొత్తం 41,000 రూపాయలు అయింది, కంకర, సిమెంటు, మేస్త్రి కూలీతో కలిపి. కూపే పెట్టే చోటు మీద కొబ్బరి చెట్టు ఉంది, బండి పెట్టే చోటుని కూడా పక్కకి మార్పించాను. చేలో పెట్టే ఎలుక బుట్టలే రెండు తెచ్చి షెడ్డులో పెట్టమన్నాను.

హ్యాచ్‌బ్యాక్ క్లచ్ మార్చలేదు. గేర్ బాక్స్ విప్పి చూస్తే పళ్ళెం మీద మెరుపు పట్టింది గానీ మందం ఉంది, శుభ్రం చేసి, మళ్ళీ బిగించి, క్లచ్ ఎక్కడ పట్టాలో స్కానర్‌తో కొత్తగా నేర్పించాం. వణుకు ముప్పావు వంతు పోయింది. అన్నీ కలిపి దాని బాకీ 27,500. కూపే బాకీ టైర్లతో సహా 3,38,000, కాగితాల ఖర్చు దీని మీద అదనం.

పని అయ్యాక మళ్ళీ సిద్ధాంతం వెళ్ళాం, అదే ముక్క, అదే గంట. కూపేకి 60 నుంచి 100కి 4.5 సెకన్లు. ఆ సాయంత్రం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని దిగమర్రు నుంచి చించినాడ వంతెన మీదుగా దిండి, రాజోలు దాకా వెళ్ళి వచ్చాను, రానుపోను నలభై కిలోమీటర్ల పైచిలుకు. మొదటి రోజు కూపేలో, మర్నాడు అదే దారిలో హ్యాచ్‌బ్యాక్‌లో. ఇక్కడ నా అభిప్రాయం దాచుకోకుండా చెప్తాను. నడపడంలో కూపేకి హ్యాచ్‌బ్యాక్ పోటీ కాదు. కూర్చునే చోటు నేలకి దగ్గర, స్టీరింగ్‌లో ముందు చక్రం ఏ ఇసక మీద పోతోందో చేతికి తెలుస్తుంది, వంతెన దిగాక వంపుల్లో బండి ఒంటి స్తంభంలా కదలకుండా తిరుగుతుంది. టర్బో 1,800 ఆర్‌పీఎం దగ్గరే అందుకుని అక్కడి నుంచి ఒకే బిగిన లాగుతుంది. వంతెన మీద ఆయన అద్దం దించి వశిష్ఠ గోదావరి వైపు తల తిప్పుకుని కూర్చున్నారు, రాజోలు వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇదేనా అండీ ఈ బండి" అన్నారు.

హ్యాచ్‌బ్యాక్‌లో ఆ సుఖం లేదు. కానీ ధాన్యం ఆరబోసిన రోడ్డులో సగం వెడల్పు మీద లారీకి దారిచ్చి మట్టిలోకి దిగాల్సి వచ్చినప్పుడు నేను దేనికీ భయపడలేదు. టేపు పెట్టి కొలిస్తే దాని అడుగు నేలకి 165 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది, కూపేది ముందు పెదవి దగ్గర 118. స్పీడ్ బ్రేకర్ ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, అలా ఉన్నదాన్ని కూపే కూడా దాటుతుంది. ఊళ్ళలో రాత్రికి రాత్రి వేసేవి వెడల్పు అడుగున్నరే, వాటి దగ్గర బండిని ప్రతిసారీ పక్కకి వంకరగా ఎక్కించాను. మైలేజీ కూపేకి ఈ దారిలో 9.4, హ్యాచ్‌బ్యాక్‌కి 15. వెనక సీటు కూపేలో చిన్నపిల్లలకే. ఏసీ రెండిట్లోనూ బావుంది. ఇక విడిభాగాలు, హ్యాచ్‌బ్యాక్ సెన్సర్ భీమవరం నుంచి మధ్యాహ్నానికి వచ్చింది, కూపే డైవర్టర్ వాల్వు తొమ్మిదో రోజుకి వచ్చింది. బండి ఒక్కటే ఉన్న ఇల్లయితే ఆ తొమ్మిది రోజులు ఆటోలే.

అందుకే ఆయనకి చెప్పింది ఇది. బేరానికి ముందు నా దగ్గరికి వచ్చి ఉంటే ఆరు లక్షలు దాటొద్దు అనేవాణ్ణి. ఇప్పుడు బాకీ తీరిపోయింది, తీరాక అమ్మితే ఆ మూడు లక్షల సుఖం కొన్నవాడిది అవుతుంది. మీకు ఆ బండి అంటే ఇష్టం, ఉంచుకోండి. ఇంటి బండి మాత్రం హ్యాచ్‌బ్యాకే. కూపేని వారానికి ఒకసారి తక్కువలో తక్కువ ముప్పావు గంట నడపండి, ఆయిల్ పూర్తిగా వేడెక్కి లోపలి తేమ పోవాలి. ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. చెరువుల మీదకి తీసుకెళ్ళకండి. ఫాలోయర్‌ని 10,000కి ఒకసారి తీసి చూద్దాం. వారం వారం నడపడం కుదరని పరిస్థితి వస్తే ఆ నెలలోనే అమ్మేయండి, షెడ్డులో పెట్టి చూసుకోవడానికి మాత్రం ఉంచకండి. ఈ ఆఖరి మాట దగ్గర ఆయన కొంచెం నొచ్చుకున్నారు, నేను వెనక్కి తీసుకోలేదు.

దాళ్వా (రెండో పంట వరి) కోతల టైములో ఆయన మళ్ళీ వచ్చారు. కూపే 1,150 కిలోమీటర్లు తిరిగింది, ఆయిల్ తగ్గలేదు, పెదవి మీద కొత్త గీత లేదు. కొత్త ప్లేటు కూడా వచ్చింది. హ్యాచ్‌బ్యాక్‌లో వచ్చిన అబ్బాయి స్కానర్ అడిగి తీసుకుని వెనక్కి ఇంటికి వెళ్ళాడు, కొత్త ర్యాంపు మీద ఎక్కి, పైన చదునులో ఆగి, ఒక ట్రాక్టరు, రెండు మేత వ్యాన్లు పోయేదాకా బ్రేకు మీద ఉండి, రోడ్డెక్కాక నాకు ఫోన్ చేశాడు. "నూట పది దాటలేదండి," అన్నాడు.